హులిగించిన మనిషి

నా భార్య చనిపోయింది. కడపలో, మా ఇంట్లో, మధ్యాహ్నం పూట. కిటికీ తలుపు తెరవమంది, తెరిచాను, కాసేపు బయటికి చూసింది. అంతే. పేపర్లో ‘వ్యాధితో పోరాడి అలసి’ అని వేశారు. రాసినాయనను తప్పు పట్టను, అలాంటి వార్తలు అలాగే రాస్తారు. కానీ ఆమె అలసిపోలేదు. ముందు రోజు కూడా మంచం మీద కూర్చుని నిఘంటువు ప్రూఫులు దిద్దింది.

పలకరించడానికి వచ్చినవాళ్లు చాలామంది ‘పాపం’ అన్నారు. ఆ మాట ఆమెకు గిట్టేది కాదు. జబ్బు చేశాక ఎవరైనా తన ముందు ‘పాపం’ అంటే, “ఎవురు చేసినారు?” అని అడిగేది. అడిగి వాళ్లకు కాఫీ ఇచ్చేది.

ఆమె గురించి రాయమని ఈ పత్రికవాళ్లు అడిగారు. నేను కేసీ కాలువ మీద పనిచేసి రిటైరైన ఇంజనీరును. రాయడం నా పని కాదు. అందుకే ఒక్క మాట గురించే రాస్తాను. ఆ మాట కోసం ఆమె తన ఆఖరి ఏడాది ఖర్చు పెట్టింది. దాన్ని గురించి చెబితే ఆమె గురించి చెప్పినట్టే.

ఆమెది కోసిగి దగ్గర ఒక పల్లె. వానలు మొహం చాటేసిన ఏడాది ఊరికి ఊరే మూటలు కట్టుకుని మిరప కోతలకు, పత్తి తీతకు దూరాలు పోతుంది. దాన్ని అక్కడ ‘సుగ్గి’ అంటారు. ఆ ఊళ్లో చర్చి ఉంది. ఊరికి తారు రోడ్డు పడకముందే చర్చికి గంట ఉండేదట. వాళ్లది ఆ చర్చిని నమ్ముకున్న కుటుంబం, కాస్త మెట్ట, మిగతాది కూలి. మాది కోయిలకుంట్ల వైపు, భూములున్న ఇల్లు. మా పెళ్లికి రెండు వైపులా ఒప్పుకోలేదు. తర్వాత రెండు వైపులా భోజనానికి వచ్చారు. అంతకు మించి ఆ కథ చెప్పడం ఆమెకు ఇష్టం ఉండేది కాదు.

నన్ను ‘ఏమప్పా ఇంజనీరూ’ అని పిలిచేది. మా అమ్మ మొదట్లో హడలిపోయింది. “మొగుణ్ణి అప్పా అంటాదేందిరా ఈ పిల్ల?” అంది. “నీళ్లు ఎప్పుడొస్తాయో చెప్పలేని కాలువకు ఇంజనీరు గదత్తా, ఇంకేమని పిలవల్ల?” అని ఆమె జవాబు. మా అమ్మ ఆ రోజు నవ్వలేదు. మర్నాడు పొరుగింటామెకు చెప్పి నవ్వింది.

ఆ మాటను నేను మొదటిసారి విన్నది పెళ్లయిన ఎండాకాలంలో, వాళ్ల ఊళ్లో. ఎవరో చోటా నాయకుడు జీపులో దుప్పట్లు తెచ్చాడు. ఫోటోగ్రాఫరు కూడా వచ్చాడు. ఎండ నిప్పులు చెరుగుతోంది. వరసలో ముందు నిలబడింది నా భార్యను పెంచిన వాళ్ల అవ్వ. నాయకుడు దుప్పటి విప్పి ఆమె భుజాల మీద కప్పబోయాడు.

“ఉండప్పా. మొదలు నువ్వు కప్పుకో.”

“నాకెందుకవ్వా? నీకే ఇస్తాండా.”

“ఇస్తాండావు, సరే. ఈ ఎండలో ఇది ఎట్లుంటాదో నాకు తెలీదు గదా. నువ్వు కప్పుకుని నిలబడు, సూసి తీసుకుంటా.”

వరస వెనకనుంచి ఒక ఆడమనిషి గొంతు: “హులిగిచ్చినాదిరా అవ్వ!” ఇక నవ్వులే నవ్వులు. ఫోటోగ్రాఫరు కూడా నవ్వాడు. అవ్వ దుప్పటి తీసుకుంది, ఫోటో మాత్రం దిగలేదు.

హులిగిచ్చడం ఏమిటని నా భార్యను అడిగాను. “హులిగప్ప తెలీదా నీకు? ఇంజనీరింగులో చెప్పలేదా?” అంది.

హులిగప్ప తెలియకేం. మా రెండు జిల్లాల్లో ఆ రచయిత కథ చదవకుండా పదో తరగతి దాటినవాళ్లు లేరు. పాఠ్యపుస్తకంలో ఉంటాడు, కూడలిలో విగ్రహమై ఉంటాడు. ఆయన రాసినవాటిలో అందరికీ తెలిసిన కథ ఒకటే. కరువు కాలం, గంజి కేంద్రం. పై అధికారి చూడటానికి వస్తాడు. గుమాస్తా ఒక ముసలామె చేతికి గిన్నె ఇచ్చి, గంజి ఎంత బాగుందో దొరకు చెప్పమంటాడు. ఆమె గిన్నెను దొర వైపు చాపి, మీరే తాగి చెప్పండి అంటుంది. దొర గిన్నె అందుకోడు. ఆమె చెయ్యి దించదు. కథ అక్కడితో ఆగిపోతుంది.

వాళ్ల ఊళ్లో చాలామందికి చదువు రాదు. కానీ సుగ్గికి బయల్దేరే ముందు ఆదివారం, ప్రార్థన అయ్యాక, చర్చి వరండాలో సంఘపెద్ద ఆ కథ పైకి చదివేవాడట. బయటి ఊళ్లలో మేస్త్రీలు, రైతులు, లారీవాళ్లు ఎలా మాట్లాడతారో అందరికీ తెలుసు. దారికి రొట్టెలు కట్టుకున్నట్టే ఆ కథను కూడా కట్టుకుపోయేవాళ్లు. అలా ఆ రచయిత పేరులోంచి వాళ్లకొక క్రియ పుట్టింది. పెట్టే చెయ్యి మిడిసిపడినప్పుడు, పెట్టినదాన్ని ఆ చేతికే మర్యాదగా చూపించడం. అదీ హులిగించడం. అందులో తిట్టు ఉండదు, ఏడుపు అసలే ఉండదు.

అదే రచయిత పేరు మీద పండితులకూ ఒక మాట ఉంది: హులిగప్పీయం. వ్యాసాల్లో చూసే ఉంటారు. ‘హులిగప్పీయ కరుణ’, ‘హులిగప్పీయ దైన్యం’. ఆ మాటకు అర్థం జాలి, ఆకలి, కన్నీరు. ఒకే మనిషి పేరు. సభల్లో ఒక మాటయింది, లారీల మీద ఇంకో మాటయింది. రెండింటికీ పొంతన లేదు.

“రాసినాయన పేరు మాట కావాలంటే ఇద్దరు కావల్ల. చదివినోడొకడు, చదవనోడొకడు. చదివినోడు ‘ఈయం’ తగిలిస్తాడు. చదవనోడు వాడుకుంటాడు” అనేది నా భార్య.

ఆమె కడపలో జూనియర్ కాలేజీలో తెలుగు చెప్పేది. ఆ కథ పాఠం రోజు పక్క సెక్షన్ పిల్లలు కూడా వచ్చి వెనక బెంచీల్లో ఇరుక్కునేవాళ్లు. ఒకసారి ఏదో పనిమీద వెళ్లి తలుపు దగ్గర నిలబడి విన్నాను. మైదుకూరు నుంచి వచ్చే అమ్మాయి ఒకతె లేచి, “గైడులో కరుణ రసం అని ఉండాది మేడమ్. మీరేమో నవ్వుతాండారు. పరీక్షలో ఏం రాయల్ల?” అని అడిగింది.

“పరీక్షలో కరుణ అనే రాయి. మార్కులు పోగొట్టుకోవద్దు. కానీ ఆ ముసలామె చెయ్యి ఎంతసేపు చాపి ఉంచినాదో, ఇంటికి పోయి నువ్వు ఒక గిన్నె పట్టుకుని సూడు. చెయ్యి నొప్పి పుడితే అప్పుడు చెప్పు, ఆమెను సూసి జాలిపడల్లనో, జంకల్లనో.”

ఇంట్లో కూడా అంతే. సంచీ ఇంకొకరి చేతికి ఇచ్చేది కాదు. బస్సులో ముందు సీటు కావాలి. హోటల్లో ఇడ్లీ ఎలా ఉందని సర్వరు అడిగితే, “నువ్వు తిన్యావా పొద్దున?” అని అడిగేది. తినలేదంటే యజమానిని పిలిచేది. నేను తల వంచుకుని చట్నీ వైపు చూసేవాణ్ణి. వేయించిన వేరుశనక్కాయలు హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని, ఎంత పెద్ద సభ అయినా మధ్యలో ఒక కాయ చిట్లించేది. ఉపన్యాసం బాగుంటే ఆ చప్పుడు వినపడేది కాదు.

ఆమె రిటైరయ్యాక కర్నూలులో కొందరు పెద్దలు సీమ మాటల నిఘంటువు మొదలుపెట్టారు. ఆమెను సంఘంలోకి తీసుకున్నారు. ప్రధాన సంపాదకులు పెద్ద పండితులు. మంచి మనిషి. ఈ వ్యాసం రాస్తున్నానని ఆయనకు చెప్పాను. రాయమన్నారు.

‘హ’ అక్షరం దగ్గరికి వచ్చినప్పుడు హులిగప్పీయం సులువుగా చేరింది. హులిగించు దగ్గర బండి ఆగింది. ఆ రోజు ఆమెను నేనే కారులో తీసుకెళ్లాను. గది మూల కుర్చీలో ఉన్నాను.

“అచ్చులో యాడన్నా ఉందా మేడమ్?” అన్నారు సంపాదకులు.

“అచ్చులో ఉంటే మనం ఈడ కూచునేది దేనికి సార్?”

“మహా రచయిత. ఆయన పేరును ఎకసెక్కాలకు వాడే మాటగా చూపిస్తే బాగుంటుందా? విగ్రహం పెట్టుకున్నాం కదమ్మా.”

“విగ్రహాన్ని ఏడాదికొకసారి కడుగుతాండారు. ఈ మాటను రోజూ వాడుతాండారు. ఆయనకు ఏది బాగుంటాదో ఆయన్నే అడగల్ల.”

అందరూ నవ్వారు. ఆయనా నవ్వారు. కానీ సంఘానికి ఒక నియమం ఉంది. అచ్చులో లేని మాట అయితే, సభ్యుల సొంతూరు కాని ఊళ్లో, అడగకుండా ఎవరి నోటనైనా రావాలి. రికార్డు కావాలి. “మీ ఊళ్లో విన్నది లెక్కకు రాదు మేడమ్. మీ ఇంటి మాట అంటారు రేపు” అన్నారు. నియమం సరైనదే. ఆమె కూడా ఒప్పుకుంది.

అప్పటికే ఆమెకు జబ్బు తెలిసింది. వైద్యం వల్ల జుట్టు ఊడింది. తలకు స్కార్ఫు కట్టుకుని, “పదప్పా ఇంజనీరూ” అనేది. కోసిగి చుట్టుపక్కల పల్లెలకు కారు నేనే నడిపాను. ఎక్కడికి పోయినా చేసేది ఒకటే. ఆడవాళ్లు కూర్చున్న చోట కూర్చునేది, ఫోను ముందు పెట్టి రికార్డు చేసుకుంటానని చెప్పి, వాళ్లు సరేనంటే మాట్లాడేది. ఆ మాటను తను అనేది కాదు, అడిగేది కాదు. “మాటను అడిగితే ముడుచుకుంటాది. దానికి సందు ఇయ్యల్ల, అంతే” అనేది. చాలా ఊళ్లలో రాలేదు. వంకాయల ధర వచ్చింది, అల్లుళ్ల సంగతులు వచ్చాయి, ఆ మాట రాలేదు. తిరిగి వచ్చేటప్పుడు వెనక సీట్లో పడుకునేది. ఇక చాలు అని నేను అనలేదు. అంటే కారు దిగి బస్సెక్కేది.

ఒక పల్లెలో సుగ్గినుంచి అప్పుడే తిరిగొచ్చిన ఆడవాళ్లు అరుగు మీద కూర్చుని ఉన్నారు. మిరపఘాటుకు వేళ్లు పగిలి, ఆముదం రాసుకుంటున్నారు. ఒకామె స్కార్ఫు చూసి ఏమైందని అడిగింది. నా భార్య దాచలేదు.

“డాక్టరు ఏమన్యాడక్కా?”

“ఉప్పు తినొద్దన్యాడు. కారం తినొద్దన్యాడు. సంతోషంగా ఉండమన్యాడు.”

“ఉప్పూ కారం లేకుండా సంతోషమా? వాణ్ణి హులిగిచ్చకుండానే వచ్చినావా నువ్వు?”

నా భార్య నవ్వింది. అరుగు మీద వాళ్లంతా నవ్వారు. “ఈసారి పోయినప్పుడు, వారం రోజులు నువ్వు తిని సూపియ్యప్పా అను” అని ఆ ఆడమనిషి ఇంకా నేర్పింది. కారులో కోసిగి దాటేదాకా నా భార్య ముందు సీట్లోనే కూర్చుంది. ఆ రికార్డింగును మళ్లీ మళ్లీ వింది. “సూసినావా, జాలి పడలేదు. ఆయుధం ఇచ్చినాది” అంది.

రికార్డింగు కర్నూలుకు పంపాం. మాటను చేరుస్తామని కబురు వచ్చింది. ఆ రోజు ఇంట్లో ఉప్పూ కారం వేసే వండాను.

తర్వాత ప్రూఫు వచ్చింది. ఆ పేజీలో ఇలా ఉంది: హులిగించు అంటే జాలి పుట్టేలా వేడుకొను. ప్రయోగం కింద అరుగు మీది ఆమె మాటే ఇచ్చారు. డాక్టరును హులిగించడమంటే డాక్టరును బతిమాలడమని వాళ్లకు తోచింది. కావాలని చేసింది కాదు. జీవితమంతా హులిగప్పీయం చదివినవాళ్లకు ఆ పేరు వినగానే కన్నీళ్లే గుర్తొస్తాయి. రోగిష్టి మనిషి, పల్లెటూరి ఆడవాళ్లు, డాక్టరు. ఇంకేం, బతిమాలడమే.

ఆమె ఆ అర్థం మీద అడ్డంగా గీత కొట్టింది. పక్కన సరైన అర్థం రాసింది. కవరు మీద చిరునామా నేను రాశాను. అది పోస్టులో పడిన మర్నాడు ఆమె పోయింది. వాళ్ల ఊళ్లో, చర్చి వెనక, అవ్వ పక్కన పెట్టాం.

కర్నూలులో సంతాప సభ పెట్టారు. మా అమ్మాయి, నేను వెళ్లాం. ఆమె దగ్గర చదువుకున్నవాళ్లు హాలు నిండా ఉన్నారు. సంపాదకులు చివర్లో మాట్లాడారు. ఆమె ఆఖరి కోరికగా ఆ మాటను నిఘంటువులో ఉంచుతున్నామని, పక్కన ఆమె స్మృతికి అని అచ్చు వేస్తున్నామని చెప్పారు. చప్పట్లు కొట్టారు. తర్వాత ఆయన అర్థం చదివారు. జాలి పుట్టేలా వేడుకొను.

నేను లేచాను. సభల్లో నేనెప్పుడూ మాట్లాడినవాణ్ణి కాదు.

“సార్, ఆమె దిద్దిన పేజీ అందిందా?”

“అందిందయ్యా. కానీ ఆమె అప్పుడున్న స్థితిలో…”

“స్థితి బాగుండింది సార్. గీత చూడండి. తిన్నగా ఉంది.”

ఆయన కళ్లద్దాలు తీశారు. “మూల కథలోని కరుణకు దగ్గరగా ఉండాలని సంఘం అనుకుంది.”

“మాట సంఘానిది కాదు సార్. ఆమె చెప్పిన అర్థం వేయండి.”

“పేజీలు ప్రెస్సుకు పోయినాయి. అర్థం మార్చాలంటే సంఘం మళ్లీ కూర్చోవాల. ఈ ముద్రణకు కుదరదు. తీసేయాలంటే మాత్రం నేనొక్కణ్ణి చెబితే చాలు.” ఆయన గొంతు తగ్గింది. “తీసేస్తే ఆమె పడిన కష్టానికి గుర్తు ఉండదయ్యా. ఆలోచించండి.”

ఆలోచించాను. ఆ కారు, ఆ పల్లెలు, వెనక సీటు. ఆమె కోరిందల్లా ఆ మాట ఆ పుస్తకంలో ఉండటమే. దాన్ని కొట్టెయ్యమని చెప్పవలసింది నేను.

“తీసేయండి” అన్నాను. “ఆమె ఎవర్నీ వేడుకోలేదు. ఆ అర్థం కింద ఆమె పేరు వద్దు.”

వెనక వరసలో ఎవరో, “ఇంత దుఃఖంలో ఈ పంతమేందప్పా” అన్నారు. నేను తిరిగి చూడలేదు. సంపాదకులు తల ఊపారు. ఆయన తప్పు మాట అనలేదు, నేనూ అనలేదు. నా చెయ్యి పట్టుకుని మెట్ల దాకా వచ్చారు.

దారిలో మా అమ్మాయి కారు నడుపుతూ, “నాయనా, అమ్మ అయితే ఇట్లే చేసేదా?” అంది.

“అమ్మ అయితే ఇంకా గట్టిగా అరిచేది” అన్నాను.

నిఘంటువు అచ్చయింది. మంచి పుస్తకం, కొనుక్కోండి. అందులో హులిగప్పీయం ఉంది. హులిగించు లేదు. రెండో ముద్రణకు సంఘం కూర్చున్నప్పుడు నేను వెళ్తాను, రమ్మన్నా, రావద్దన్నా. ఆ రికార్డింగు నా దగ్గర ఉంది. అవసరమైతే ఆ ఆడవాళ్లనూ తీసుకెళ్తాను. అర్థం వాళ్లే చెబుతారు.

ఈ సంగతి వాళ్లకు చెప్పాలని మొన్న ఆ పల్లెకు పోయాను. సరిగ్గా సుగ్గికి బయల్దేరుతున్నారు. లారీ నిలబడి ఉంది. మూటలు, గిన్నెలు, మేకపిల్ల ఒకటి. డాక్టరు సంగతి అన్న ఆమె అప్పటికే పైకెక్కి కూర్చుంది. నన్ను గుర్తుపట్టింది. “అక్క యాడ?” అంది. చెప్పాను. ఆమె ‘పాపం’ అనలేదు. కొంగుతో మొహం తుడుచుకుంది.

తర్వాత పుస్తకం సంగతి చెప్పాను. మాటను నేనే తీయించానని చెప్పాను.

“బుక్కులో లేకుంటే ఏమి బావా, మేమేమన్నా మూగోళ్లమా?” అంది.

ఇంతలో కూలీలను తీసుకుపోయే మేస్త్రీ వచ్చి లారీ తలుపు మీద చేత్తో కొట్టాడు. ఇంత మంచి లారీ ఎవడు తెస్తాడని, నోళ్లు మూసుకుని సర్దుకుని కూర్చోమని అరిచాడు. ఆమె పైనుంచి వంగి అతనితో ఏదో అంది. ఇంజను మోతలో నాకు వినపడలేదు. లారీ లారీ అంతా పగలబడి నవ్వింది. మేస్త్రీ తలుపు మీంచి చెయ్యి తీసేసి కేబిన్‌లోకి ఎక్కాడు. లారీ మలుపు తిరిగింది. దుమ్ము లేచి రోడ్డు కనపడకుండా పోయింది. ఆ దుమ్ములోంచి నవ్వు చాలాసేపు వినపడుతూనే ఉంది.